భద్రంగా పెట్టండి

తుష్నాబాద్,
3 ఏప్రిల్ 2024.

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. ఫోనులో నా మాట నీకు గాలి చప్పుడులా ఉంటోందని రాశావు. ముప్పై ఏళ్ళు డింగీ పడవల ఇంజన్లు బాగుచేస్తూ వాటి పక్కన నిలబడితే చెవులేం మిగులుతాయి? సరే, రాసుకుందాం. నాకూ తెలుగు రాయడం మరిచిపోకుండా ఉంటుంది. రిపేరు కొట్లో రోజంతా హిందీయే.

గౌతమి అడిగిన లాప్‌టాప్ తయారైంది. సోమవారం బస్సులో మీ రేవు నూకన్న డిగ్లీపూర్ వస్తున్నాడు, అతని చేతికిస్తాను. సామాన్ల మధ్య పడేయకుండా ఒళ్ళో పెట్టుకుని రమ్మన్నాను.

ఎన్నాళ్ళు నడుస్తుందని అడిగావు. కొత్తది కాదు. రెండేళ్ళు ఎవరో వాడి, బదిలీ మీద వెళ్తూ మా కొట్లో ఇచ్చేశారు. దీన్ని గేమింగ్ లాప్‌టాప్ అంటారు. మామూలు వాటికన్నా బలం ఎక్కువ, అందుకే లోపల వేడీ ఎక్కువే. మెయిన్‌లాండ్‌లో ఇలాంటివి అయిదేళ్ళు నడుస్తాయి. మన దీవుల్లో మూడు దాటితే గొప్ప. ఉప్పుగాలి లోపలి అతుకుల్ని తినేస్తుంది. ఫ్యాన్‌లో దుమ్ము చేరితే వేడి బయటికి పోదు. కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చినప్పుడు ఇంకో దెబ్బ. మంచం మీదా దిండు మీదా పెట్టి వాడొద్దని గౌతమికి చెప్పు. గట్టి బల్ల ఉండాలి, కింద గాలి ఆడాలి. ఆర్నెల్లకోసారి నాకు పంపితే విప్పి శుభ్రం చేస్తాను. అలా చూసుకుంటే దాని చదువు, పని రెండూ గట్టెక్కేదాకా నడుస్తుంది.

బ్యాటరీ కొత్తది వేశాను. నా చేతులతోనే బిగించాను.

వదిన ఆయాసం ఎలా ఉంది? తేమ తగలనివ్వకు.

నీ చెల్లెలు,
పద్మిని

డిగ్లీపూర్,
24 ఏప్రిల్ 2024.

చెల్లి పద్మినికి ఆశీస్సులు.

పెట్టె క్షేమంగా చేరింది. నూకన్న దారంతా ఒళ్ళోంచి దించలేదట. కాళ్ళు తిమ్మిరెక్కాయని రేవులో కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాడు.

విరిగిన డింగీ పలకలతో గౌతమికి బల్ల చేసిచ్చాను. మీ వదిన దాని పక్కన చెయ్యి పెట్టి, "ఏటిది, ఇంజనా ఏటి, ఇంత సెగొస్తంది" అంది. నాకూ అలాగే అనిపించింది. డింగీలు సముద్రం నుంచి రాగానే మేము ఇంజన్‌లో మంచినీళ్ళు పోసి ఉప్పు కడిగేస్తాం. దీనికి ఆ వీలు లేదు కాబట్టి గౌతమి రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తోంది.

నాకొక సందేహం. గేమింగ్ అంటే ఆటలే కదా? గౌతమిని అడిగితే, "నాన్నా, పెళ్ళి వీడియోలు కట్ చెయ్యాలంటే ఇలాంటిదే కావాలి, మామూలుది హ్యాంగ్ అయిపోతాది" అంది. స్టూడియో వాళ్ళు ఒక పెళ్ళి ఇచ్చారు, నిజమే. కానీ మొన్న నేను వెనకనుంచి వస్తే తెరమీద తుపాకీ పట్టుకుని ఎవడో పరిగెడుతున్నాడు. మీ వదిన దాన్నే వెనకేసుకొస్తుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల ఆటల్లో పడితే ఏమవుతుందో నువ్వే చెప్పు.

ఇక్కడ చేపలు తక్కువ. ఎండలు ఎక్కువ.

అన్నయ్య,
గణేశ్వరరావు

డిగ్లీపూర్,
11 జూలై 2024.

చెల్లి పద్మినికి,

గౌతమి ఆడితే ఆడనివ్వమని నువ్వు మే నెలలో రాసిన ఉత్తరం చూపించి మీ వదిన నన్ను బాగానే ఏడిపించింది. సరే. పిల్ల అయిదు పెళ్ళి వీడియోలు చేసిచ్చింది, మెచ్చుకున్నారు. నేనింకేమీ అనను.

ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. లాప్‌టాప్ మధ్యలో ఎత్తుగా లేచింది. వేలితో జరిపే పలక పైకి తేలింది, మూత పూర్తిగా పడటం లేదు. మీ వదిన పూరీలా పొంగిందంటోంది. వానలకు తలుపు చెక్క ఉబ్బినట్టు ఇదీ తేమకి ఉబ్బిందా? పని మాత్రం చేస్తోంది. గౌతమి ఫొటో పంపుదామంటే నెట్ అందటం లేదు. సాయంత్రాలు స్కూలు గుట్ట ఎక్కితే మాట మాత్రం అందుతుంది.

ఏం చెయ్యాలో రాయి. నువ్వు చెప్పినట్టే చేస్తాం.

అన్నయ్య

తుష్నాబాద్,
19 జూలై 2024.

అన్నయ్యకు,

ఇక్కడా వానలు తెరిపివ్వటం లేదు. బస్సులు ఆలస్యం, కొట్టుకు చేరేసరికి రోజూ తడిసిపోతున్నాను. కన్నబాబు కొట్టుకు పైకప్పు వేయిస్తానని రెండేళ్ళుగా అంటున్నాడు. మా యజమాని మాటలు అంతే.

లాప్‌టాప్ గురించి కంగారు పడొద్దు. బ్యాటరీ కాస్త పొంగినట్టుంది. వానాకాలంలో అప్పుడప్పుడు అవుతుంది. వేరేది తెప్పిస్తున్నాను. బ్యాటరీలు విమానంలో రానివ్వరు, ఓడలోనే రావాలి. నెల పట్టొచ్చు. అంతదాకా వాడొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. ఆపేసి ఒకచోట భద్రంగా పెట్టండి.

వదినకు ఎండుచేప పచ్చడి అందిందని చెప్పు. సగం కొట్లోనే అయిపోయింది.

పద్మిని

డిగ్లీపూర్,
29 జూలై 2024.

చెల్లి పద్మినికి,

నువ్వు చెప్పినట్టే భద్రం చేశాను. మీ వదిన పడాక్ చెక్క పెట్టె నీకు తెలుసుగా, ఆమె చీరలూ స్థలం కాగితాలూ గౌతమి సర్టిఫికెట్లూ ఉండేది. మా ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు. తేమ తగలకుండా ఉన్ని శాలువాలో చుట్టాను. లాప్‌టాప్ మూత పడటం లేదు కాబట్టి పైన పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంచాను. ఆ బరువుకి కొంచెం అణిగినట్టే ఉంది. పెట్టె మంచం కిందే ఉంటుంది, మీ వదిన ఆ మంచం మీదే పడుకుంటుంది, ఎవరూ ముట్టుకోరు.

గౌతమి మొహం వేలాడేసుకుని తిరుగుతోంది, సగంలో ఒక పెళ్ళి ఉందట. నెల ఆగలేవా అని కసిరాను. మీ వదినకు రెండ్రోజుల నుంచి జ్వరం. మామూలు జ్వరమే.

అన్నయ్య

తుష్నాబాద్,
17 ఆగస్టు 2024.

అన్నయ్యకు,

నిన్న ఇల్లు చేరాను. తలుపు కింద నీ ఉత్తరం పడి ఉంది. వదిన పోయిన కబురు విని నేను బస్సెక్కాక వచ్చినట్టుంది. పైన నీ రాత చూసి, లోపల వదినకు మామూలు జ్వరమే అన్న మాట చదివి, అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాను.

ఇస్త్రీపెట్టె సంగతీ చదివాను.

పక్కింటి గవరమ్మ చెప్పిందే కళ్ళముందు తిరుగుతోంది. పట్టపగలు మూడు గంటలకు, నువ్వు రేవులో, గౌతమి రేషన్ షాపులో. వదిన మాత్ర వేసుకుని పడుకుంది. మంచం కింద టపటపమని చప్పుడైందట, గవరమ్మ ఎవరో టపాసులు కాలుస్తున్నారనుకుందట. తలుపు సందులోంచి నల్లటి పొగ వస్తుంటే అప్పుడు పరిగెత్తింది. ఆయాసం మనిషికి ఆ పొగ ఎంతసేపు కావాలి?

పదకొండు రోజులు నీ ఇంట్లో ఉండి నీతో సరిగ్గా మాట్లాడలేదు. నీకు వినబడదని కాదు. వేళకు తిను. గౌతమిని ఒంటరిగా వదలకు.

పద్మిని

డిగ్లీపూర్,
4 సెప్టెంబర్ 2024.

పద్మినికి,

ఈ ఉత్తరం వెనకే గౌతమి వస్తోంది. వచ్చే గురువారం బస్సుకి దించుకో.

గవరమ్మ మొన్న నోరు జారింది. మీ వదిన పోవడానికి రెండ్రోజుల ముందు గౌతమి ఆ లాప్‌టాప్ బయటికి తీసిందట. గవరమ్మ ఇంట్లో ప్లగ్గు పెట్టి గంటసేపు చార్జింగ్ చేసి, పని చేసుకుని, మళ్ళీ తెచ్చి ఇస్త్రీపెట్టె కింద ఎప్పట్లాగే పెట్టేసింది. పిలిచి అడిగాను. దాచలేదు. "ఒక్క గంటే నాన్నా, పెళ్ళోళ్ళు రోజూ అడగతన్నారు" అంది.

చార్జింగ్ వద్దని నువ్వు రాసిన ముక్క నేనే దానికి చదివి వినిపించాను. తల ఊపింది. తల ఊపి, తల్లి మంచం కింద నిప్పు పెట్టింది.

దాని మొహం చూడలేకపోతున్నాను. అన్నం పెడుతుంటే చేతులు కనబడతాయి, ఆ చేతులతోనే కదా అనిపిస్తుంది. నీ దగ్గర ఉంచుకో. ఎన్నాళ్ళని అడగొద్దు.

గణేశ్వరరావు

తుష్నాబాద్,
10 అక్టోబర్ 2024.

అన్నయ్యకు,

గౌతమి వచ్చి నెల కావస్తోంది. నాతో పాటు కొట్టుకు వస్తోంది, ఇంట్లో ఒక్కదాన్నీ వదలడం నాకిష్టం లేదు. చెప్పిన పని చేస్తుంది. అడిగితేనే మాట్లాడుతుంది. బస్సులో నా పక్కన కూర్చుని రోడ్డు కేసి చూస్తూ ఉంటుంది. అన్నం ముందు కూర్చుని ఒక రోజు, "అత్తా, అమ్మ లేవడానికి ట్రై చేసి ఉంటుందా?" అంది.

అన్నయ్యా, బ్యాటరీ ఎందుకు అంటుకుంటుందో ఖచ్చితంగా చెప్పలేం. ఒక గంట చార్జింగ్‌తోనే అయిందని అనుకోవద్దు. అది దాని ఒక్కదాని తప్పు కాదు. ఒక్కసారి దానికి రెండు ముక్కలు రాయి.

పద్మిని

డిగ్లీపూర్,
25 అక్టోబర్ 2024.

పద్మినికి,

దాని ఒక్కదాని తప్పు కాదని రాశావు. అర్థమైంది. మిగతా తప్పు ఎవరిదో పేరు పెట్టి రాయడానికి నీకు మనసు రాలేదు. ఇస్త్రీపెట్టె ఎత్తి పెట్టింది నేనే కదా. శాలువా చుట్టింది నేనే. ఆగస్టులో కూడా ఇస్త్రీపెట్టె సంగతీ చదివానని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అప్పుడే అనుకున్నాను.

పదిహేను రోజులుగా రేవుకు పోవడం లేదు. ఇంజన్ విప్పి బిగించాక ఏదైనా తప్పు చేశానేమో అని మళ్ళీ విప్పేవాణ్ణి. డింగీల వాళ్ళు వేరేవాణ్ణి చూసుకున్నారు.

గౌతమికి ఏమని రాయను? మీ అమ్మను నువ్వు సగం, నేను సగం చంపామని రాయనా?

గణేశ్వరరావు

తుష్నాబాద్,
8 డిసెంబర్ 2024.

అన్నయ్యకు,

నీ ఉత్తరం వచ్చి అయిదు వారాలైంది. జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది గౌతమి ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. పూర్తయ్యేదాకా లేవనని కూర్చుంది.

నిన్న కొట్లో ఒకాయన లాప్‌టాప్ తెచ్చాడు. మూత విప్పితే బ్యాటరీ పొంగి ఉంది. నేను అలవాటుగా, "హటో హటో, దూరం జరుగు" అని గౌతమిని తోసేసి, దాన్ని చెక్కపుల్లతో లేపి, గుమ్మం బయట ఇసక బక్కెట్లో పెట్టేశాను. తిరిగి చూస్తే గౌతమి అక్కడే నిలబడి ఉంది.

"మాదీ ఇలాగే పొంగింది కదా అత్తా" అంది.

అవునన్నాను.

"మరి మాకెందుకు ఇసకలో పెట్టమనలేదు?"

నేను బల్ల మీది స్క్రూలు ఏరసాగాను. అది మళ్ళీ అడిగింది. కన్నబాబు, "అరే బేటీ, జానే దో, వదిలెయ్" అన్నాడు. అది అతని వైపు చూడనైనా లేదు. అక్కడే చెప్పేశాను. దానికి చెప్పిందే నీకూ రాస్తున్నాను.

గౌతమి లాప్‌టాప్‌కి నేను వేసింది కంపెనీ బ్యాటరీ కాదు. కన్నబాబు ఎక్కడినుంచో ఓడలో తెప్పించిన అట్టపెట్టెలోది. వాటి మీద పేరూ లేదు, తేదీ లేదు. భాను అనే టీచరమ్మకు వేసినది రెండు నెలలు తిరక్కుండా పొంగి మార్చిలోనే వెనక్కి వచ్చింది. అప్పుడు కన్నబాబుతో ఇవి వాడొద్దన్నాను. "చలేగా దీదీ, నడిచిపోతాయి, ఓడ వచ్చేదాకా కస్టమర్‌ని కూర్చోబెడతామా" అన్నాడు. ఆ తర్వాత నెలలోపే అదే అట్టపెట్టెలోంచి ఒకటి తీసి నా మేనకోడలికి బిగించాను. సోమవారం బస్సుకి పంపుతానని దానికి మాటిచ్చాను. ఆ మాట తప్పి చిన్నతనం పడటం ఇష్టం లేకపోయింది. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని చాలా వెతికాను. లేదు.

రెండోది ఇంతకన్నా పాపం. నీ జూలై ఉత్తరం చదవగానే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. వెంటనే ఇంట్లోంచి బయట పెట్టమని, దాని మీద బరువు పడనివ్వొద్దని చెప్పాలి. ఆ సాయంత్రమే గౌతమి గుట్ట ఎక్కే వేళకి ఫోను చెయ్యాలి. చేస్తే, అంత ప్రమాదమైనదాన్ని ఎలా బిగించావని నువ్వు అడుగుతావు. అందుకని చెయ్యలేదు. కొట్టు పైకప్పు గురించి రాసి, పచ్చడి గురించి రాసి, మధ్యలో భద్రంగా పెట్టండి అన్నాను. భద్రంగా అంటే మనుషులకు దూరంగా అని నా ఉద్దేశం. కానీ ఆ మాట రాయకుండా తప్పించుకున్నాను. నువ్వు నీ ఇంట్లో అన్నిటికన్నా విలువైన చోట పెట్టావు.

మంచి బ్యాటరీ అయితే గంట చార్జింగ్‌కి ఏమీ కాదు. అసలు పొంగదు కాబట్టి నువ్వు ఇస్త్రీపెట్టె పెట్టే అవసరమే రాదు. గౌతమి వాళ్ళమ్మను చంపలేదు. నువ్వు చంపలేదు. నాలుగు నెలలు మీ ఇద్దరూ ఆ మాట మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. నువ్వు పంపిన పిల్లకు అన్నం పెట్టి, తల దువ్వి, నా తప్పు దాని నెత్తిన ఉండనిచ్చాను.

అంతా విన్నాక గౌతమి ఏడవలేదు. "నాన్నకి రాయి. రేపు ఆదివారం, రేపే రాయి" అంది. అంతే. నిన్నటి నుంచి నా చేతి నీళ్ళు కూడా తాగలేదు.

పద్మిని

డిగ్లీపూర్,
19 డిసెంబర్ 2024.

పద్మినికి,

ఉత్తరం అందింది. మొదటిసారి సరిగ్గా చదివానో లేదో అని మళ్ళీ చదివాను.

27వ తేదీ శుక్రవారం గౌతమిని తీసుకెళ్ళడానికి వస్తున్నాను. ఆ వేళకు నువ్వు ఇంట్లో ఉండొద్దు. బస్సు దగ్గరికీ రావద్దు.

పిల్ల బస్సెక్కిన రోజు దాని సంచి కూడా నేను అందివ్వలేదు. నూకన్న అందించాడు. అది నీమీదికి నెట్టలేను, అది నేను చేసింది. దాని ముందు నిలబడి ఏం చెప్పాలో ఇంకా తెలియడం లేదు.

నాన్న మనిద్దరికీ ఒకే పని నేర్పాడు. అనుమానం ఉన్న సామాను వేసి నేను ఇంతవరకూ ఒక్క డింగీని నీళ్ళ మీదికి పంపలేదు. ఒడ్డున కూర్చుని రెండ్రోజులు తిట్లు తిన్నాను గాని పంపలేదు. నీకు అది తెలియదని అనుకోను.

ఆ అట్టపెట్టెలో ఇంకెన్ని ఉండేవి? ఎవరెవరికి బిగించావు? వాళ్ళూ మంచాల పక్కనే పెట్టుకుని ఉంటారు. నాకు క్షమాపణలు రాయొద్దు. వాటి సంగతి తేలాక రాయి.

గణేశ్వరరావు

తుష్నాబాద్,
16 ఫిబ్రవరి 2025.

అన్నయ్యకు,

క్షమాపణ రాయొద్దన్నావు, రాయను.

భానుదీ మనదీ కాక ఎనిమిది బిగించాను. కన్నబాబు పేర్లు ఇవ్వనన్నాడు. కొట్టు పరువు పోతుందట. రిపేరు పుస్తకం ముందేసుకుని నేనే రాసుకున్నాను. ఆ రోజుతో అక్కడ పని మానేశాను. ఇల్లిల్లూ తిరిగాను. చాలామంది నవ్వారు. ఒకావిడ, "బాగానే నడుస్తోంది కదా, ఎందుకు విప్పుతావు" అని తలుపు వేసుకోబోయింది. అప్పుడు వదిన సంగతి చెప్పాను. బయటివాళ్ళ ముందు నా నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆవిడ లాప్‌టాప్ తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి లోపలికి పారిపోయింది.

ఏడు తీశాను. మూడు పొంగి ఉన్నాయి. ఒకటి మాయాబందర్‌లో, జెట్టీ దగ్గర ఒక గుమాస్తా ఇంట్లో దొరికింది. అక్కడినుంచి మీ ఊరు ఎంతో దూరం లేదు. కాసేపు బస్టాండులో నిలబడి, తిరుగు బస్సెక్కాను.

ఎనిమిదోది దొరకలేదు. పేరు లక్ష్మీకుమారి. నర్సింగ్ చదవడానికి జనవరిలో విశాఖపట్నం ఓడ ఎక్కిందట. పుస్తకంలో ఉన్న నంబరు పనిచెయ్యడం లేదు. ఆమె ఉన్న అద్దె ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళు ఉంటున్నారు. మీ డిగ్లీపూర్ వైపు అమ్మాయి అని మాత్రం చెప్పారు. వచ్చే ఓడకి టికెట్టు దొరికితే వెళ్ళి కాలేజీలన్నీ తిరుగుతాను.

పద్మిని

డిగ్లీపూర్,
27 ఫిబ్రవరి 2025.

పద్మినికి,

ఆ అమ్మాయి సూరయ్య మేనకోడలు. సూరయ్య వలలు మా రేవులోనే ఆరేస్తాడు. నీ ఉత్తరం అందిన గంటలో అతని దగ్గరికి పోయి కొత్త నంబరు తీసుకున్నాను. గౌతమిని తీసుకుని గుట్ట ఎక్కి, దానిచేత ఫోను చేయించాను.

లాప్‌టాప్ హాస్టలు గదిలో ఆమె పరుపు మీదే ఉందట. పలక పైకి లేచిందట. రోజూ పుస్తకాలు పెట్టి అణుస్తోందట. గౌతమి ఫోను పెట్టెయ్యలేదు. ఆ అమ్మాయి దాన్ని తీసుకుని మెట్లు దిగి, హాస్టలు వెనక ఇల్లు కట్టేవాళ్ళ ఇసక కుప్ప మీద పెట్టి, వెనక్కి నడిచేదాకా మాట్లాడుతూనే ఉంది. నేను పక్కనే నిలబడ్డాను. నాకు మాటలేవీ వినబడలేదు. పిల్ల మొహమే చూస్తూ ఉన్నాను. అంతా అయ్యాక గౌతమి నేల మీద కూర్చుండిపోయింది. డిసెంబరులో వచ్చిన తర్వాత అది నా ముందు ఏడవడం ఇదే మొదలు. నేనూ కూర్చున్నాను. చీకటి పడకముందే దిగాం.

హాస్టలు చిరునామా వెనక రాశాను. బ్యాటరీ తీయడం నీ పని.

గణేశ్వరరావు